పీత పట్టిన కాలు

మా షెడ్డులో పనంతా ఆడవాళ్ళది, మాటలు మాత్రం నావి. మామగారికి ఓపిక తగ్గాక షెడ్డు మా ఆవిడ చేతికొచ్చింది. ఇళ్ళు కట్టేవాళ్ళకీ, గోతులు తవ్వేవాళ్ళకీ చిన్న చిన్న యంత్రాలు అద్దెకిస్తాం. వాటిలో ఏది మొరాయించినా విప్పి బాగుచేసేది మా ఆవిడ. వాటిని లారీలో తీసుకెళ్ళి దింపి వచ్చేది ఆవిడ చెల్లెలు, అంటే నా మరదలు. నాకు ఇంజను సంగతి తెలియదు. స్టీరింగు పట్టుకుంటే గోడలు నన్ను వెతుక్కుంటూ వస్తాయి. అక్కాచెల్లెళ్ళిద్దరూ ఆలోచించి, ఇక మిగిలిన పనేదో చూసి నాకు అప్పగించారు. లారీ మీదికెక్కించిన యంత్రం దారిలో కదలకుండా కట్టడం.

అది మిగిలిన పని అని వాళ్ళనుకున్నారు. నేను దాన్ని శాస్త్రం చేసి కూర్చున్నాను. ఏ మూల ఏ గొలుసు వెయ్యాలి, దాన్ని ఎంత బిగించాలి, బెల్టు ఎక్కడ మెలి తిరగకూడదు, అన్నీ నేర్చుకున్నాను. నిజం చెప్పాలంటే బాగానే నేర్చుకున్నాను. గొడవంతా అక్కడే వచ్చింది. చేతకానివాడికి ఒక్క పని చేతనైతే వాడి పక్కన ఎవరూ కూర్చోలేరు. పెళ్ళిలో పక్కన కూర్చున్నవాడికి గొలుసుల గురించి చెప్పేవాణ్ణి. బస్సులో పైన పెట్టిన పెట్టె ఎవరిదైనా సరే, లేచి సర్దేవాణ్ణి. మరదలు నన్ను బావా అని పిలవడం విని, అద్దె యంత్రాల వాళ్ళందరూ నాకు బెల్టు బావగారని పేరు పెట్టారు. అందులో వెటకారం ఎంతో గౌరవం ఎంతో నేను తూచి చూసుకోలేదు. మొత్తం గౌరవం కిందే జమకట్టుకున్నాను.

మా వాళ్ళందరికీ ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరి దగ్గర ఏ యంత్రం ఖాళీగా ఉందో చెప్పుకోవడానికి పెట్టుకున్నది. నేను అందులో నా కట్ల ఫోటోలు పెట్టడం మొదలెట్టాను. కొన్నాళ్ళకి నా ఫోటోలు చాలక, దారిలో కనిపించిన ఇతరుల బళ్ళ ఫోటోలు కూడా తీసి, తప్పున్నచోట ఎర్రరంగు సున్నా చుట్టి పెట్టేవాణ్ణి. ఆ సున్నాల్లో పెద్ద సున్నా పడింది తాళ్ళ బాబాయికి. ఆయన మా పక్కవీధిలో కాంక్రీటు కలిపే మిల్లర్లు అద్దెకిస్తాడు. మా మామగారి స్నేహితుడు. మిల్లరును చిన్న వ్యానులోకి ఎక్కించి, కొబ్బరి తాడుతో రెండు చుట్లు చుట్టి, దాన్ని ఓసారి తట్టి బయల్దేరతాడు. ఆ తాడు ముడి ఫోటో తీసి, 'ఇది మిల్లరా, గడ్డిమోపా' అని రాశాను. చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. బాబాయి ఏమీ పెట్టలేదు. మా ఆవిడ మాత్రం ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ, "పెద్దాయన్ని అలా నలుగురిలో పెట్టాలా?" అంది. నలుగురి క్షేమం కోసమే అన్నాను. ఆవిడ గరిటె గిన్నెలో పడేసి లోపలికి వెళ్ళింది.

మొన్న ఒకరోజు పొద్దున్నే ఒక పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. ఆయన క్లినిక్ వెనక పెరట్లో నేలలోపలి పైపు పగిలి నీళ్ళు గదుల్లోకి వస్తున్నాయట. పెరటి గేటు ఇరుకు, పెద్ద యంత్రం పట్టదు. కాబట్టి మా పీత కావాలి. పీత అంటే మా దగ్గరున్న బుల్లి పొక్లెయిన్. రబ్బరు పట్టాల మీద పాకుతుంది, ముందు ఒకే చెయ్యి, ఆ చేతి చివర మట్టి తవ్వే బకెట్టు. ఎత్తు మనిషంతే గాని బరువు చిన్న కారు కంటే ఎక్కువ.

అంతకు కొన్నాళ్ళ ముందే మా ఆవిడ పీత చేతికి రంగు వేయించి, మా షెడ్డు పేరు పెద్ద పసుపు అక్షరాల్లో రాయించింది. అది గ్రూపులో పడాలని నా కోరిక. అందుకని బయల్దేరే ముందు పీతకి స్నానం చేయించాను. అంతా కాదు, ఫోటోలో కనపడే పైభాగానికి మాత్రమే. పట్టాల సందుల్లో ముందురోజు పని తాలూకు బంకమట్టి గడ్డలు అలాగే ఉన్నాయి. పైనుంచి కారిన నీళ్ళకి అవి చక్కగా నానాయి. పట్టాలు గీకి శుభ్రం చేయకుండా యంత్రాన్ని లారీ ఎక్కించకూడదని గ్రూపులో రాసింది నేనే. దానికి ఎర్ర సున్నా కూడా చుట్టాను.

మరదలు పీతను ర్యాంపుల మీదుగా మెల్లగా నడిపి లారీ ఎక్కించింది. బకెట్టు లారీ నేల మీద ఆనేదాకా చెయ్యి దించబోతుంటే ఆపాను.

"కొంచెం పైనే ఉంచు. కిందికి దించితే పేరు కనపడదు."

"పేరెవరికి కనపడాలి బావా? పంటి నొప్పి వాళ్ళకా?"

"నువ్వు బండి సంగతి చూసుకో తల్లీ. కట్టే సంగతి నాకొదిలెయ్."

నాలుగు మూలలా నాలుగు గొలుసులు, చేతి మీదుగా ఒక బెల్టు. కిందినుంచి ఒక ఫోటో, పక్కనుంచి ఒక ఫోటో, నేను గొలుసు పట్టుకుని దూరంగా చూస్తున్న ఫోటో. ఈ చివరిది మరదలు తీయనంటే పక్క దుకాణం టైలరును పిలిచి తీయించుకున్నాను. ఇంతలో పళ్ళ డాక్టరు మళ్ళీ ఫోన్ చేశాడు. నీళ్ళు ఆయన కుర్చీ దాకా వచ్చాయట.

ఊరు దాటి పెద్దరోడ్డు ఎక్కాం. నేను ఫోటోల కింద ఏం రాయాలా అని ఆలోచిస్తున్నాను.

"బావా, వెనక ఏదో మోగుతోంది."

"నీ వైపు తలుపు."

"నా తలుపు మోగదు."

"అయితే అద్దం."

"అద్దం మోగితే నాకు తెలీదా? వెనకనుంచి వస్తోంది. ఆపి చూద్దాం. బయల్దేరిన కాసేపటికి ఆపి గొలుసులు చూడాలని రూలు పెట్టింది నువ్వే కదా."

"ఆ రూలు కట్టడం రానివాళ్ళకి."

మరదలు నావైపు ఒకసారి చూసింది. ఆ చూపు వాళ్ళ అక్కది. నేను ఫోనులోకి తలదించుకున్నాను. వంతెన దిగుతున్నప్పుడు వెనక ఇనుము మీద ఇనుము పడ్డ చప్పుడు బాగా గట్టిగా వినిపించింది. ఇక దాన్ని తలుపు మీదికో అద్దం మీదికో నెట్టడానికి నాక్కూడా మొహం చెల్లలేదు. తను నన్నేమీ అడగలేదు. సిగ్నలు వేసి, రోడ్డు పక్క మట్టి అంచు మీదికి దించి ఆపేసింది. ఆ అంచు ఎడమవైపుకి కాస్త వాలుగా ఉంది.

నేను షికారుకి దిగినట్టు దిగాను. లారీ మీదికి చూశాను. నేను గాలిలో ఉంచిన బకెట్టు దారిలో తనంతట తానే మెల్లగా దిగిపోయి లారీ నేలకి ఆనింది, చేతి మీది బెల్టు ఉయ్యాలలా వేలాడుతోంది. పట్టాల కింద నానిన మట్టి గడ్డలు ఒత్తుడుకి పేస్టులా పక్కలకి వచ్చేశాయి. ఆ మేరకు పీత కుంగింది, గొలుసులన్నీ వదులయ్యాయి. లారీ నేలంతా సబ్బు రాసినట్టుంది.

"చెప్పానా," అంది మరదలు.

"కంగారు పడకు. రెండు నిమిషాల పని."

కంగారు పడింది నేను. ఇలాంటప్పుడు ఒక గొలుసు సరిచేసి బిగించాకే రెండోదాన్ని ముట్టుకోవాలి. ఎవరూ చూడకముందే ముగించేయాలన్న తొందరలో, వెనకవైపు రెండు గొలుసులూ ఒకేసారి వదిలేశాను. వదిలి, పల్లంవైపున, పీతకీ లారీ పక్కచెక్కకీ మధ్యనున్న సందులోకి వెళ్ళి నిలబడ్డాను. ఎందుకు వెళ్ళానంటే గొలుసు కొక్కెం అక్కడ పడింది. మరదలు, "అటు పోకు బావా" అంటూనే ఉంది.

పీత వెనకభాగం చప్పుడు చేయకుండా, మర్యాదగా, నావైపు జరిగింది. ఎక్కువేం కాదు, ఒక జానెడు. ముందున్న గొలుసులు బిగుసుకుని దాన్ని ఆపేశాయి. ఆపిన చోట, పట్టాకీ పక్కచెక్కకీ నడుమ, నా ఎడమ బూటు ఉంది. బూటులో నా కాలు ఉంది.

మొదట నాకు నోట మాట రాలేదు. మా ఇద్దరి జీవితంలో అది అరుదు కాబట్టి మరదలు భయపడి పైకెక్కబోయింది. ఎక్కొద్దని చెయ్యి ఊపాను. వేళ్ళు కదిపి చూసుకున్నాను. కదిలాయి. బూటు ముందు భాగంలో ఇనప టోపీ ఉంది, అది ఒత్తుడు కాచుకుంది. కాలు లాక్కుందామంటే మాత్రం రావట్లేదు. లేసులు విప్పుకుందామంటే వంగడానికి చోటు లేదు. చోటున్నా లాభం లేదు. నేను లేసులు రెండు ముళ్ళు వేసి, కొసలు లోపలికి దోపి కట్టుకుంటాను. కట్టు ఊడకూడదన్న పట్టింపు నాకు బూట్ల దాకా ఉంది.

మరదలు లారీ చక్రాల కింద రాళ్ళు పెట్టింది. ఎగువవైపు నుంచి ఎక్కి, ఒక వెనక గొలుసు మళ్ళీ తగిలించి, వచ్చినంత మేర బిగించింది. పీత ఇక జారదు. వెనక్కీ రాదు.

"ఇంజను స్టార్టు చేసి కదపనా?"

"వద్దు. ఎటు కదులుతుందో తెలీదు."

"అయితే ఎవర్నయినా ఆపుతాను."

"ఆగు," అన్నాను. "ఎవర్ని ఆపుతావు? ఈ రోడ్డు మీద తిరిగేవాళ్ళంతా మనవాళ్ళే."

తన మొహం చూడాలి. "కాలు పోతే పోయింది, పరువు పోకూడదంటావా?"

నేను జవాబు చెప్పేలోపే సెంట్రింగు చెక్కల మేస్త్రీ ట్రాక్టరు మీద వస్తూ కనిపించాడు. మమ్మల్ని చూసి స్లో చేశాడు.

"ఏం బావగారూ, క్లాసు చెబుతున్నారా?"

నేను నడుం మీద చెయ్యి పెట్టుకుని, పీత భుజం మీద ఇంకో చెయ్యి వేశాను. "చెకింగండీ," అన్నాను. "దారిలో ఒకసారి చూసుకోవాలి కదా."

"మీలా అందరూ ఉంటే ఎంత బావుంటుంది," అని ఆయన వెళ్ళిపోయాడు. మరదలు రెండు చేతులతో తల పట్టుకుంది.

తర్వాత ఇటుకల లారీ వచ్చింది. దానిక్కూడా చెయ్యి ఊపాను. డ్రైవరు హారను కొట్టి మెచ్చుకుని పోయాడు. కాలి బొటనవేలు దగ్గర మంట మొదలైంది. ఎండ నెత్తిమీదికొస్తోంది. పళ్ళ డాక్టరు ఫోను జేబులో మోగుతోంది, దాన్ని తీయడానికి చెయ్యి పట్టట్లేదు.

"ఇంకో బండిని అలా పంపించావంటే," అంది మరదలు, "నిన్నిక్కడే వదిలి ఇంటికెళ్ళిపోతా. అక్కకి చెకింగులో ఉన్నావని చెబుతా."

అప్పుడు వచ్చింది బాబాయి వ్యాను. దాన్ని గుర్తుపట్టగానే నాకు తల కొట్టేసినట్టయింది. ఈ లోకంలో ఇంకెవరైనా రావచ్చు కదా అనుకున్నాను. ఆయన స్లో చేయడం కాదు, మా ముందుకెళ్ళి బండి ఆపి, దిగి, తుండుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. ఆ మొహంలో వెటకారం వెతికాను, కనపడలేదు.

"అల్లుడూ, మంచి సమయానికి దొరికావు. ఒక్కసారి దిగు, నా బండి చూద్దువు."

"ఏమైంది బాబాయ్?"

"తాళ్ళు మానేశాను. నువ్వు గ్రూపులో పెట్టింది చూసి మా మనవరాలు నన్నొకటే పోరు. గడ్డిమోపు తాతా, గడ్డిమోపు తాతా అంటూ ఇల్లంతా తిరుగుతోంది. సరేనని గొలుసులు కొన్నాను. ఇవాళే మొదటిసారి కట్టడం. సరిగా కట్టానో లేదో నువ్వు చూస్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

నేను పీత మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడ్డాను. చెకింగని చెప్పి ఈయన్ని కూడా పంపేయవచ్చు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. మరదలు నావైపే చూస్తోంది.

"రాలేను బాబాయ్," అన్నాను. "కాలు ఇరుక్కుంది."

ఆయన వంగి చూశాడు. వ్యాను దగ్గరికి దాదాపు పరుగు పెట్టాడు. మిల్లర్లు ఎత్తడానికి వాడే చైన్ పుల్లీ పట్టుకొచ్చాడు. చేత్తో గొలుసు లాగుతుంటే ఎంత బరువునైనా వేలెడు వేలెడు జరిపే సాధనం అది. ఒక కొక్కెం లారీ ఎగువ అంచుకి, ఇంకొకటి పీత వెనకనున్న కట్టుకొక్కేనికి తగిలించారు. ఆయన లాగుతుంటే మరదలు వదులైన గొలుసును ఎప్పటికప్పుడు బిగిస్తూ వచ్చింది. నాకు ఊరుకోవడం అలవాటు లేదు కదా, "మెల్లగా, ముందు గొలుసు చూడండి" అని మొదలెట్టాను.

"బావా," అంది మరదలు, "నువ్విప్పుడు లోడువి. లోడు మాట్లాడదు."

బాబాయి నవ్వాపుకోలేకపోయాడు. నవ్వుతో చెయ్యి సడలితే ప్రమాదమని పని ఆపి, నవ్వడం పూర్తిచేసి, మళ్ళీ లాగాడు. పట్టా నాలుగు వేళ్ళు జరిగింది. కాలు బూటుతో సహా బయటికొచ్చింది. నేను పక్కచెక్క మీద కూలబడ్డాను. అప్పుడు భయం వేసింది. అంతసేపూ పరువు కాపాడుకునే పనిలో ఉండి భయపడటానికి తీరిక దొరకలేదు. ముందు గొలుసులు కూడా వదిలి ఉంటే, నిలబడ్డ చోట ఇంకాస్త వంగి ఉంటే, ఇరుక్కునేది బూటు కాదు.

ముగ్గురం కలిసి పట్టాల మట్టి గీకాం. బకెట్టు నేలకి ఆనించి, పీతను మళ్ళీ కట్టాం. పేరు కిందికి పోయి కనపడకుండా ఉండిపోయింది. మరదలు ప్రతి గొలుసూ కాలితో తొక్కి చూసింది.

తర్వాత బాబాయి వ్యాను దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళాను. గొలుసులు తళతళలాడుతున్నాయి. కట్టు చూడటానికి పొందికగా ఉంది. కానీ ముందువైపు కొక్కేలను ఆయన మిల్లరు డ్రమ్ము తిప్పే పిడికి తగిలించాడు. గట్టిగా బ్రేకు పడితే ఆ పిడి వంగి ఊడొస్తుంది. నేను నిలబడిపోయాను. ఇప్పుడే నన్ను సందులోంచి లాగిన మనిషికి, ఒంటికాలి మీద నిలబడి, తప్పు చూపించాలి. బాగుందని చెప్పి సాగనంపితే ఎంత హాయిగా ఉండేది.

"బాబాయ్, ఇది మాత్రం ఇరుసుకి వేద్దాం," అన్నాను. "పిడి బరువు ఆపలేదు."

"అలాగా," అని ఆయన వెంటనే కొక్కెం విప్పాడు. "దీనికి ఫోటో తియ్యవా?"

"ఫోను చార్జింగు లేదు బాబాయ్."

ఫోను అప్పుడే మళ్ళీ మోగింది. ఆయన నా జేబు వైపు చూసి, చూడనట్టు కొక్కెం ఇరుసుకి తగిలించుకున్నాడు.

పళ్ళ డాక్టరు క్లినిక్ చేరేసరికి ఆయన ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచి, చీపురుతో నీళ్ళు తోస్తున్నాడు. మరదలు పీతను దించి గేటులోంచి పెరట్లోకి తీసుకెళ్ళింది. నన్ను వెయిటింగు గదిలో కూర్చోబెట్టారు. బూటు విప్పితే బొటనవేలు గోరు వంకాయ రంగులో ఉంది. డాక్టరు తొంగిచూసి, "నేను కాళ్ళు చూడనండీ, కానీ ఇది విరగలేదులెండి," అని ఐసు ముక్కలు గుడ్డలో కట్టి ఇచ్చాడు.

మరదలు ఫోన్ చేసిందేమో, కాసేపటికి మా ఆవిడ స్కూటరు మీద వచ్చింది. చేతుల నిండా గ్రీజు. దేన్నో విప్పుతూ మధ్యలో లేచి వచ్చేసినట్టుంది. నా పక్కన కూర్చుంది. కాలు ఒళ్ళోకి తీసుకుని చూసింది. నేను హాస్యంగా ఏం చెప్పాలో దారంతా ఆలోచించి పెట్టుకున్నాను. ఇంజను మొత్తం విప్పినా వణకని ఆవిడ వేళ్ళు నా మడమ మీద వణుకుతుంటే, ఆ హాస్యం చెప్పలేదు.

"నొప్పిగా ఉందా?"

"లేదు."

"అబద్ధం."

"కొంచెం ఉంది."

"మీరు కట్టడం మానొద్దు," అంది. "మీకంటే బాగా కట్టేవాళ్ళు నాకు దొరకరు. కానీ ఎవరికో చూపించడానికి కట్టొద్దు. అది నా చెల్లెలు నడిపే బండి."

అంతకంటే పొడుగ్గా తిట్టి ఉంటే తట్టుకునేవాణ్ణి. సరేనన్నాను. పెరట్లో పీత మట్టి తోడుతున్న చప్పుడు కిటికీలోంచి వస్తోంది. ఎదుటి బెంచీ మీద దవడ పట్టుకుని కూర్చున్న పెద్దావిడ నా కాలు, నా మొహం మార్చి మార్చి చూస్తోంది.

సాయంత్రానికి పైపు బయటపడింది, ప్లంబరు దాన్ని అతికాడు. క్లినిక్‌లో పేషెంట్ల పేర్లు రాసుకునే అమ్మాయి వచ్చి, "చాలాసేపట్నుంచి కూర్చున్నారు, మీ పేరు రాసుకోనా?" అని నన్నడిగింది. నేను నవ్వి, పేషెంటుని కాదమ్మా అన్నాను.

"రాసుకోమ్మా," అంది మా ఆవిడ. "ఎడమవైపు కింది పన్ను. ఏడాదిగా నమలలేక ఒకవైపే తింటున్నారు. అడిగితే ఏం లేదంటారు."

"అది పెద్దది కాదులే," అన్నాను.

మా ఆవిడ నా కాలు ఒళ్ళోంచి దించి, నా చెయ్యి పట్టుకుని లేపింది. అలా ఒక కాలికి బూటుతో, ఒక కాలికి ఐసు గుడ్డతో, తడి ఇంకా ఆరని గదిలోకి కుంటుకుంటూ వెళ్ళి పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కాను. ఆయన దీపం నా మొహం మీదికి లాగి, నోరు తెరవమన్నాడు. మా ఆవిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. నేను నోరు పెద్దగా తెరిచి, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.